వీపీఎన్ కోడ్‌లో చెయ్యి పెట్టేముందు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బెంగళూరు తెలుగువాళ్లవే. ఎవరో రాసి వదిలేసిన ఓపెన్ సోర్స్ వీపీఎన్ కోడ్‌ను నిలబెట్టడం ఎలాగన్నదే వాటన్నిటి సారం. కొన్ని ఉత్తరాలను కుదించాం, ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎప్పుడో విడిపోయిన ఒక ఫోర్క్‌ను (వేరు కాపీని) నలుగురం చూసుకుంటున్నాం. ఆప్షన్లు చదివే ఫైలొక్కటే వేల లైన్లు. ఎక్కడ చూసినా గ్లోబల్ వేరియబుళ్లు, ఇఫ్‌డెఫ్‌లు (ఏ కోడ్ కంపైల్ కావాలో ఎంచే స్విచ్‌లు). రిఫాక్టరింగ్ (ప్రవర్తన మారకుండా కోడ్ అమరికను సరిచేయడం) ఎక్కడ మొదలుపెట్టమంటారు? – ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: కోడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది ఇవాళ ఎలా నడుస్తోందో పట్టి చూపించే ఏర్పాటు ముందు కావాలి. అది లేకుండా చేసే రిఫాక్టరింగ్ జూదమే.

ఒక లైనక్స్ మెషీన్ చాలు. మూడు నెట్‌వర్క్ నేమ్‌స్పేసులు (ఒకే మెషీన్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) చేయండి: క్లయింట్‌కు ఒకటి, సర్వర్‌కు ఒకటి, నడుమ రౌటర్ వేషానికి ఒకటి. వాటిని వెత్ జతలతో (వర్చువల్ కేబుళ్లతో) కలపండి. రౌటర్ నేమ్‌స్పేస్‌లో నెట్‌ఎమ్ అనే పనిముట్టుతో 80 మిల్లీసెకన్ల ఆలస్యం, దానిపై 20 మిల్లీసెకన్ల హెచ్చుతగ్గు, 2 శాతం ప్యాకెట్ నష్టం పెట్టండి. ఆ హెచ్చుతగ్గు ముఖ్యం. దానివల్లే ప్యాకెట్లు ముందువెనకలవుతాయి. వరుస తప్పకుండా వచ్చే ప్యాకెట్లతో రీప్లే విండో (ఒకసారి వచ్చిన ప్యాకెట్ మళ్లీ వస్తే పట్టుకునే) కోడ్‌కు పనే పడదు. లైనక్స్ కెర్నల్‌లో వైర్‌గార్డ్ (మరో ఓపెన్ సోర్స్ వీపీఎన్) టెస్టుల కోసం ఉన్న షెల్ స్క్రిప్టు కూడా నేమ్‌స్పేసులతోనే రాసింది. దాన్ని తెరిచి చదివితే మీ పని సగం అయినట్టే.

ఇక టెస్టును ఎంతసేపు నడపాలి? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఓపెన్‌వీపీఎన్ డిఫాల్టుగా 3600 సెకన్లకు ఒకసారి కీలు మారుస్తుంది. ఐదు నిమిషాల టెస్టు ఆ కోడ్‌ను ఎన్నటికీ తాకదు. రెనెగ్-సెక్ విలువను 60కి దించి పది నిమిషాలు నడపండి. వైర్‌గార్డ్‌లోనైతే ఈ గడువులు ప్రోటోకాల్‌లోనే బిగించి ఉంటాయి: 120 సెకన్లకు కొత్త హ్యాండ్‌షేక్, 180 దాటితే పాత కీ చెల్లదు. కాబట్టి నాలుగు నిమిషాలకు తగ్గించకండి. నడుస్తుండగా సర్వర్‌ను చంపి లేపడం, క్లయింట్ ఐపీ మార్చడం, ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపడం కూడా ఇందులో ఉండాలి. పాత విడుదల క్లయింట్ కొత్త సర్వర్‌తో, కొత్త క్లయింట్ పాత సర్వర్‌తో మాట్లాడాలి. రెండు వైపులా కొత్తదే పెట్టి 'అంతా బాగుంది' అనుకోవడంలో అర్థం లేదు.

టనెల్ బయటివైపు టీసీపీడంప్ పెట్టి ప్యాకెట్లను దాచుకోండి. కీలు ప్రతిసారీ మారతాయి కనుక లోపలి బైట్లను పోల్చలేం. కానీ హ్యాండ్‌షేక్ ప్యాకెట్ల పొడవులు, వరుస మారకూడదు. ఓపెన్‌వీపీఎన్ ప్యాకెట్ మొదటి బైట్‌లో పై 5 బిట్లు ఆప్‌కోడ్, కింది 3 బిట్లు కీ ఐడీ. అవీ మారకూడదు. వైర్‌గార్డ్‌లో హ్యాండ్‌షేక్ తొలి ప్యాకెట్ 148 బైట్లు, జవాబు 92, కీప్‌అలైవ్ 32. 'ఊరికే పేరు మార్చాను' అన్న కమిట్ తర్వాత 92 కాస్తా 96 అయిందంటే మారింది పేరొక్కటే కాదన్నమాట.

ఇప్పుడు కోడ్. మొదటి కోత ఆప్షన్ల పార్సర్ దగ్గర పెట్టండి. అది నెట్‌వర్క్‌ను తాకదు కాబట్టి యూనిట్ టెస్టులు సులువు. ఓపెన్‌వీపీఎన్ యూనిట్ టెస్టులకు వాడేది సీమోకా, మీరూ అదే వాడండి. గ్లోబల్ వేరియబుళ్లను ఒక్కొక్కటిగా కాంటెక్స్ట్ స్ట్రక్ట్‌లోకి చేర్చండి. ఒక వేరియబుల్‌కు ఒక కమిట్. ఇఫ్‌డెఫ్‌ల లెక్క చూడండి: ఒకదానితో ఒకటి సంబంధం లేని పది స్విచ్‌లుంటే 1024 రకాల బిల్డులు. వాటిలో మీరు నిజంగా కట్టేవి రెండో మూడో. ఎవరూ ఆపని స్విచ్‌ను తీసేసి, దాని లోపలి కోడ్‌ను ఉంచేయండి. రిఫాక్టరింగ్ మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం వచ్చే పని మరొకటి లేదు.

ఒక్క నియమం గోడకు రాసి పెట్టుకోండి: కోడ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరపడం, పేరు మార్చడం, ప్రవర్తన మార్చడం ఒకే కమిట్‌లో ఉండకూడదు. రివ్యూ చేసేవారు గిట్ డిఫ్‌లో కలర్-మూవ్‌డ్ ఆప్షన్ పెడితే జరిగిన లైన్లు వేరే రంగులో కనిపిస్తాయి. అందులో మామూలు ఎరుపు, ఆకుపచ్చ లైన్లు దూరాయంటే కమిట్‌ను వెనక్కి పంపేయాలి.

ప్రశ్న: ఇండెంటేషన్ ఒక్కో ఫైలులో ఒక్కోలా ఉంది. ఫార్మాటర్‌తో మొత్తం ఒకేసారి సర్దేద్దామంటే సీనియర్లు ఒప్పుకోవడం లేదు. ఎవరిది రైటు? – బీటీఎం లేఅవుట్

జవాబు: ఇద్దరిదీ. ఓపెన్‌వీపీఎన్ ఈ పనిని 2016 డిసెంబరులో, 2.4 విడుదలకు కాస్త ముందు, అన్‌క్రస్టిఫై అనే పనిముట్టుతో చేసింది. అలా విడుదల అంచున చేయడంలోనే ఒడుపుంది. వరుసలో ఎదురుచూస్తున్న ప్యాచ్‌లు తక్కువగా ఉన్న రోజే ఎంచుకోవాలి, లేకపోతే ప్రతి ప్యాచ్‌కూ కాన్‌ఫ్లిక్టే. ఇంకా నడుస్తున్న పాత విడుదల బ్రాంచ్‌లను అలాగే వదిలేస్తే రేపు ఒక భద్రతా సవరణను వెనక్కి తీసుకెళ్లడం నరకం. ఆ బ్రాంచ్‌ల మీదా అదే రోజు అదే ఫార్మాటర్ నడపండి.

అర్థం మారలేదని రుజువు చేయడానికి, డీబగ్ సమాచారం లేకుండా ముందూ వెనకా కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైళ్లను బైటు బైటుగా పోల్చండి. తేడా వస్తే కంగారు పడకండి, అసర్ట్‌లు లైన్ నంబరును లోపల దాచుకుంటాయి. అసర్ట్‌లు ఆపి మళ్లీ పోల్చితే సరిపోవాలి. ఆ కమిట్ హ్యాష్‌ను ఒక ఫైలులో రాసి గిట్ బ్లేమ్‌కు ఇగ్నోర్-రెవ్స్-ఫైల్‌గా ఇస్తే పాత చరిత్ర చెడదు. గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది. సీనియర్ల సగం అభ్యంతరం దీనితోనే తీరిపోవచ్చు.

ప్రశ్న: ప్యాకెట్‌ను డీక్రిప్ట్ చేసే ఫంక్షన్లు రెండు దాదాపు ఒకేలా ఉన్నాయి. కలిపేసి, 'అనవసరమైన' మెమ్‌సెట్‌లు తీసేస్తే కోడ్ సగమైంది, టెస్టులూ పాసయ్యాయి. అయినా మెయింటైనర్ ప్యాచ్ తిప్పి పంపారు. కారణం ఒక ముక్కలో: 'మళ్లీ చదువు'. ఏం చదవాలి? – కేఆర్ పురం

జవాబు: ఆయన క్లుప్తత క్షమించదగిందే. ఈ చోట కోడ్ పొడవుగా ఉండటానికి కారణాలుంటాయి, అవి కామెంట్లలో ఉండవు. టెస్టులు ఎందుకు పాసయ్యాయంటే, ఈ తప్పులేవీ పనిని ఆపవు. దొంగకు తలుపు తీసి ఉంచుతాయి, అంతే.

మొదట మెమ్‌సెట్. ఫంక్షన్ చివర్లో కీ ఉన్న బఫర్‌ను సున్నాలతో నింపే లైను అది. ఆ బఫర్‌ను తర్వాత ఎవరూ చదవరు కనుక కంపైలర్ కూడా మీలాగే అది అనవసరమనుకుని తీసేస్తుంది. అందుకే మామూలు మెమ్‌సెట్ పనికిరాదు. క్రిప్టో లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్-క్లెన్స్, గ్లిబ్‌సీలో ఎక్స్‌ప్లిసిట్-బీజీరో, కెర్నల్‌లో మెమ్‌జీరో-ఎక్స్‌ప్లిసిట్ ఉన్నాయి. మీ కోడ్‌లో మామూలు మెమ్‌సెట్ ఉంటే తీయకండి, వీటిలో ఒకదానికి మార్చండి. అది మంచి ప్యాచ్ అవుతుంది.

రెండోది మెమ్‌కంప్, రెండు బఫర్లను పోల్చే ఫంక్షన్. అది తేడా కనిపించిన మొదటి బైటు దగ్గరే ఆగిపోతుంది. ఎంతసేపటికి ఆగిందో కొలిస్తే ఎన్ని బైట్లు కలిశాయో బయటివాడికి తెలిసిపోతుంది. ట్యాగ్‌లు, హెచ్‌మ్యాక్‌లు (ప్యాకెట్ అసలైనదేనని చూపే గుర్తులు) పోల్చడానికి ఎప్పుడూ ఒకే సమయం తీసుకునే ఫంక్షనే వాడాలి.

మూడోదే అసలైనది, వరుస. ఆ రెండు ఫంక్షన్లలో రీప్లే విండోను ముందుకు జరిపే లైను ఎక్కడుందో చూడండి. ట్యాగ్ సరిచూశాకే ఉండాలి. కోడ్ కలిపే ఊపులో అది సరిచూపుకు ముందుకు వచ్చిందనుకోండి, కీ తెలియని ఎవడైనా పెద్ద కౌంటర్ నంబరుతో ఒక నకిలీ ప్యాకెట్ పంపితే చాలు. విండో ముందుకు దూకుతుంది, ఆ వెనక వచ్చే నిజమైన ప్యాకెట్లన్నీ 'పాతవి' అయిపోతాయి. టనెల్ బతికే ఉంటుంది, డేటా మాత్రం అవతలికి చేరదు. దీనికి టెస్ట్ రాయడం సులువు: చెడ్డ ట్యాగ్, పెద్ద కౌంటర్ ఉన్న ప్యాకెట్ ఒకటి పంపి, తర్వాతి మంచి ప్యాకెట్ చేరిందో లేదో చూడటమే. ఆ టెస్టును ప్యాచ్‌తో జతచేయండి.

పంపే వైపు కౌంటర్‌నూ గమనించండి. ఓపెన్‌వీపీఎన్‌లో ప్యాకెట్ ఐడీ మామూలుగా 32 బిట్లు, వైర్‌గార్డ్‌లో 64. రెండింటికీ పనికొచ్చే 'సాధారణ' ఫంక్షన్ రాయబోయి 64ను 32లోకి కుదిస్తే కౌంటర్ చుట్టు తిరిగి మొదటికొస్తుంది. అంటే ఒకే కీతో అదే నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన సంఖ్య) రెండోసారి. సైఫర్ జీసీఎం అయినా చాచా20-పాలీ1305 అయినా అక్కడితో కథ ముగిసినట్టే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ప్రశ్న: మారతహళ్లి పీజీలో ఉంటాను. వైర్‌గార్డ్ మీద కట్టిన మా క్లయింట్ ఆఫీసు నెట్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది. పీజీ వైఫైలో కనెక్ట్ అవుతుంది, పింగ్ పోతుంది, పేజీలు మాత్రం సగంలో ఆగిపోతాయి. బగ్ ఎక్కడ వెతకాలి?

జవాబు: చిన్న ప్యాకెట్లు దాటి పెద్దవి చస్తున్నాయంటే ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉన్న గరిష్ఠ పరిమాణం. లెక్క ఇలా ఉంటుంది. ఐపీవీ4 హెడర్ 20, యూడీపీ 8, వైర్‌గార్డ్ 32, మొత్తం 60 బైట్లు. ఐపీవీ6 అయితే హెడర్ 40 కనుక మొత్తం 80. డిఫాల్ట్ ఎంటీయూ 1420 అన్నది 1500లోంచి ఆ 80 తీసేయగా వచ్చినదే. ఫైబర్ కనెక్షన్ పీపీపీఓఈ (కొన్ని కంపెనీలు వాడే లాగిన్ పద్ధతి) మీద ఉంటే అది మరో 8 బైట్లు తింటుంది, మిగిలేది 1492. సర్వర్‌ను ఐపీవీ4లో చేరితే 1420కి 60 కలిపి 1480, ఇముడుతుంది. అదే సర్వర్ పేరుకు ఐపీవీ6 చిరునామా దొరికితే 1500, ఇమడదు. 'ఒకరోజు పనిచేసింది, ఒకరోజు లేదు' అనే ఫిర్యాదులకు ఒక మూలం ఇదే.

నిర్ధారించుకోవడానికి టనెల్ బయట, ఐపీవీ4లో ఫ్రాగ్మెంట్ చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ పరిమాణం 1472, తర్వాత 1464 పెట్టి చూడండి. ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 బైట్లు కలిస్తే అవి 1500, 1492 అవుతాయి. రెండోది ఒక్కటే దాటితే అనుమానం నిజమే. తాత్కాలికంగా ఎంటీయూ 1412 పెట్టండి. దానికీ లొంగకపోతే 1280కి దించండి.

అసలు మరమ్మతు కోడ్‌లో. 1420, 80 అనే అంకెలు మీ కోడ్‌లో ఎన్నిచోట్ల చేత్తో రాసి ఉన్నాయో వెతకండి. బయటి ఎంటీయూ, చిరునామా రకం ఇస్తే లోపలి ఎంటీయూ చెప్పే ఒకే ఫంక్షన్ ఉండాలి. సర్వర్ చిరునామా మారినప్పుడల్లా దాన్ని మళ్లీ పిలవాలి. ఎంఎస్ఎస్ క్లాంప్ (టీసీపీ ముక్కల పరిమాణానికి పరిమితి) పెట్టేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. అది టీసీపీకి మాత్రమే. వీడియో కాల్ లాంటి యూడీపీ రాకపోకలకు అది అక్కరకు రాదు.

ప్రశ్న: సర్వర్ డిస్ట్రో మార్చాం. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 పోయి 3.0 వచ్చింది. బ్రాంచీల్లోని పాత రౌటర్లు కనెక్ట్ కావడం మానేశాయి. వెనక్కి వెళ్లాలా? – షోలింగనల్లూర్, చెన్నై

జవాబు: వెనక్కి దారి లేదు. 1.1.1కి ఉచిత మద్దతు 2023 సెప్టెంబరు 11తో ఆగిపోయింది. మీ రౌటర్ల కాన్ఫిగ్‌లో సైఫర్ అన్న లైను అసలు లేకపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు పాత ఓపెన్‌వీపీఎన్ డిఫాల్టుగా తీసుకునేది బ్లోఫిష్ అనే పాత సైఫర్. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0 దాన్ని లెగసీ ప్రొవైడర్‌లోకి నెట్టింది, అది తనంతట తాను లోడ్ కాదు. నెట్టడానికి కారణముంది. బ్లోఫిష్ బ్లాక్ 64 బిట్లే. ఒకే కీతో 32 గిగాబైట్ల దాకా పంపితే బ్లాకులు ఒకదానితో ఒకటి ఢీకొనే అవకాశం గట్టిపడుతుంది. 2016లో స్వీట్32 దాడి దీన్ని ఆచరణలో చూపించింది.

పాత రౌటర్ల కోసం వేరే పోర్టులో రెండో సర్వర్ ఇన్‌స్టాన్స్ పెట్టండి. ఓపెన్‌వీపీఎన్ 2.6లో ప్రొవైడర్స్ ఆప్షన్‌కు లెగసీ, డిఫాల్ట్ రెండూ ఇస్తే బ్లోఫిష్ తిరిగొస్తుంది. దానికి ఆఖరి తేదీ ఇవాళే రాసి అందరికీ పంపండి. ప్రధాన సర్వర్‌లో ఏఈఎస్-256-జీసీఎం, ఏఈఎస్-128-జీసీఎం, చాచా20-పాలీ1305 తప్ప మరేవీ ఉండకూడదు.

కోడ్ వైపు, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఫంక్షన్లను పిలిచే లైన్లన్నీ ఒకే బ్యాకెండ్ ఫైలులోకి చేర్చండి. ఓపెన్‌వీపీఎన్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఒక ఫైలు, అలాంటిదే మరో లైబ్రరీ ఎంబెడ్‌టీఎల్ఎస్‌కు ఒక ఫైలు, రెండింటికీ ఉమ్మడిగా ఒక హెడర్ ఉన్నాయి. ఆ అమరికను అలాగే తీసుకోవచ్చు. ఏఈఎస్, హెచ్‌మ్యాక్‌లను నేరుగా పిలిచే పాత ఫంక్షన్ల బదులు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఉమ్మడి ఇంటర్‌ఫేస్ ఈవీపీ వాడాలి. సైఫర్‌ను కీ వచ్చినప్పుడు ఒకసారి తెచ్చి పెట్టుకోండి. ప్యాకెట్ ప్యాకెట్‌కూ తెస్తే 3.0లో వేగం కళ్లముందే పడిపోతుంది.

పాతదాన్ని తీసేసే పద్ధతి కూడా ఓపెన్‌వీపీఎన్ దగ్గరే నేర్చుకోవచ్చు. స్టాటిక్ కీ పద్ధతిని (రెండు వైపులా మారని ఒకే కీ) వాళ్లు ఒక్క దెబ్బకు తీయలేదు. మొదట హెచ్చరిక. తర్వాత 'అలౌ-డెప్రికేటెడ్-ఇన్‌సెక్యూర్-స్టాటిక్-క్రిప్టో' అనే ఆప్షన్ పెడితేనే పనిచేసేలా మార్పు. ఇంత పొడవు పేరెందుకంటారా, దాన్ని కాన్ఫిగ్‌లో టైపు చేసేవాడికి కాస్త సిగ్గు వేయాలి మరి.

ప్రశ్న: వైర్‌గార్డ్ నాలుగు వేల లైన్లే అంటారు. మా లక్ష లైన్ల సీ కోడ్‌ను పారేసి రస్ట్‌లో తిరగరాస్తే పీడా వదలదా? – ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వైర్‌గార్డ్ చిన్నదైంది భాష వల్ల కాదు, వద్దన్న వాటి వల్ల. 2020 మార్చిలో లైనక్స్ 5.6తో కెర్నల్‌లోకి వచ్చిన ఆ కోడ్ కూడా సీలోనే ఉంది. అందులో సైఫర్ బేరసారాలు లేవు, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ లేదు, టీసీపీ లేదు, క్లయింట్‌కు ఐపీ పంచే పనీ లేదు. మీ వాడకందార్లు వీటిలో ఎన్ని వదులుకోగలరో ముందు లెక్కేయండి. వదులుకోలేనివన్నీ రస్ట్‌లోనూ అంతే చోటు తీసుకుంటాయి.

కొత్తగా రాసినంత మాత్రాన మంచిది కాదనడానికి ఫ్రీబీఎస్‌డీయే సాక్ష్యం. కెర్నల్ కోసం రాసిన వైర్‌గార్డ్ కోడ్‌లో లోపాలు బయటపడి, 2021లో 13.0 విడుదలకు ముందే దాన్ని తీసేశారు. వేరే కోడ్‌తో అది మళ్లీ వచ్చింది 2023లో, 13.2తో. రస్ట్ బఫర్ దాటి చదవడాన్ని ఆపుతుంది. నాన్స్ రెండోసారి వాడినా, రీప్లే విండోను ముందే జరిపినా అది పట్టుకోదు.

మనసు ఆగకపోతే బయటి నుంచి వచ్చే బైట్లను చదివే ముక్కలు మాత్రం రస్ట్‌లోకి మార్చండి: కంట్రోల్ ప్యాకెట్ పార్సర్, ప్రాక్సీ జవాబులు చదివే కోడ్. మెమరీ తప్పులకు ఎక్కువ అవకాశం అక్కడే. పాత సీ పార్సర్‌ను వెంటనే తీయకుండా ఒక విడుదల పాటు రెండింటికీ అదే ఇన్‌పుట్ ఇచ్చి జవాబులు పోల్చండి.

ప్రశ్న: మేం ఆధారపడే ప్రాజెక్టుకు బయటివాళ్లతో సెక్యూరిటీ ఆడిట్ అయింది. ఇంకా ఫజింగ్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు కుప్పగా ఇచ్చి తప్పులు వెతకడం) పెట్టుకోవాలా? – హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: పెట్టుకోవాలి. 2017లో ఓపెన్‌వీపీఎన్‌కు రెండు వేర్వేరు ఆడిట్లు జరిగాయి. అవయ్యాక అదే ఏడు జూన్‌లో ఒక పరిశోధకుడు ఫజర్ నడిపి, ఆ ఆడిట్లకు దొరకని భద్రతా లోపాలను బయటపెట్టాడు. ఆడిటర్లు అసమర్థులని కాదు. మనిషి కన్ను తర్కాన్ని చూస్తుంది, ఫజర్ ఎవరూ ఊహించని పొడవులను చూస్తుంది. తప్పు జరిగిన చోటే పట్టిచ్చే అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ రెండూ ఆన్ చేసి కట్టిన బిల్డ్‌పైనే నడపండి. ప్రోగ్రామ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది, కానీ అవి లేకుండా నడిపితే చాలా తప్పులు కూలకుండానే జారిపోతాయి. రాండమ్ జనరేటర్‌ను, గడియారాన్ని ఫజింగ్ బిల్డ్‌లో స్థిరంగా ఉంచండి, లేకపోతే దొరికిన క్రాష్ మళ్లీ రాదు.

ప్రశ్న: వీపీఎన్‌లు ఐదేళ్ల పాటు వివరాలు దాచాలని ప్రభుత్వం అన్నది కదా. కోడ్ మెయింటైన్ చేసే మాకూ వర్తిస్తుందా? – యలహంక

జవాబు: 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు సేవలు అందించేవారి గురించి: డేటా సెంటర్లు, క్లౌడ్, వీపీఎస్, వీపీఎన్ సర్వీసులు. ఉద్యోగుల కోసం కంపెనీలు నడుపుకునే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని తర్వాతి వివరణలో చెప్పారు. కోడ్ రాయడం వేరు, జనానికి సర్వర్ నడపడం వేరు. రెండోది చేసే ఆలోచన ఉంటే లాయరును కలవండి. మీ కోడ్‌లో మాత్రం ఏ స్థాయి లాగ్‌లో ఏం పడుతుందో ఒక పట్టిక రాసి ఉంచండి. రిఫాక్టరింగ్‌లో డీబగ్ లైను ఒకటి మామూలు స్థాయికి ఎక్కి, కీలను లాగ్ ఫైలులో పోయడం అరుదేమీ కాదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడు. సీ వచ్చు, క్రిప్టో రాదు. మొదటి ప్యాచ్ ఏం పంపొచ్చు? – కెంగేరి

జవాబు: టెస్టులు రాయండి. క్రిప్టో రానక్కర్లేని మూలలు బోలెడు: ఆప్షన్ల పార్సింగ్, ఐపీ చిరునామాల పూల్, రూట్లు కలిపే కోడ్. లేదా ఎవరో 'పాత విడుదలలో పనిచేసేది' అని పెట్టిన ఫిర్యాదు ఒకటి తీసుకుని గిట్ బైసెక్ట్ (కమిట్లను సగానికి సగం చేస్తూ వెతకడం) చేయండి. వెయ్యి కమిట్లలో తప్పు కమిట్‌ను పదిసార్లు కంపైల్ చేసి పట్టుకోవచ్చు. దాని హ్యాష్, మళ్లీ రప్పించే పద్ధతి రాసి పంపితే, సవరణ మీరు రాయకపోయినా మెయింటైనర్‌కు సగం బరువు దించినట్టే.

కమిట్ సందేశంలో ఏం మార్చారో కన్నా ఎందుకు మార్చారో రాయండి, ఏం మారిందో డిఫ్ చెబుతుంది. కింద సైన్డ్-ఆఫ్-బై లైను మరవకండి. దాని వెనకున్న ఒప్పందాన్ని డీసీఓ (డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్) అంటారు. ఓపెన్‌వీపీఎన్ వాళ్లు డీసీఓ అంటే మాత్రం ఎక్కువగా డేటా ఛానెల్ ఆఫ్‌లోడ్, అంటే ప్యాకెట్ల పనిని కెర్నల్‌కు అప్పగించే ఏర్పాటు. రివ్యూలో 'డీసీఓతో చూశావా?' అని అడిగితే సంతకం గురించి జవాబు చెప్పకండి.